అన్నీ సమానంగా అరగాలి

మొదటి దెబ్బ తిన్నది టైలరు దుకాణం ముందు నిలబెట్టిన బొమ్మ.

కోటు తొడుక్కుని, వీధి వైపు నవ్వుతూ నిలబడ్డ ఆ బొమ్మని కారు మూతి వచ్చి మెల్లగా తాకింది. బొమ్మ వెల్లకిలా పడింది. పడ్డాక కూడా నవ్వుతూనే ఉంది. స్టీరింగు దగ్గర కూర్చున్న టీచరుకి ఆ సౌకర్యం లేదు. ఆమె పాదం కింద బ్రేక్ పెడల్ నీళ్ళలో నానిన స్పాంజిలా నేలదాకా దిగిపోయింది. ఆఖరి క్షణంలో హ్యాండ్ బ్రేక్ లాగింది కాబట్టి బొమ్మతో సరిపోయింది. లేకపోతే బొమ్మ వెనక దుకాణం అద్దం, అద్దం వెనక కుట్టుమిషను, మిషను వెనక మొగుడు, వరసగా సిద్ధంగా ఉన్నారు.

ఆ మొగుడు మెడలో కొలతల టేపుతో గుమ్మంలోకి వచ్చాడు. మెచ్చుకోళ్ళు అందుకోవడానికి వచ్చిన మనిషి మొహం అది.

"ఎలా ఉంది బ్రేకు?" అన్నాడు.

"మెత్తగా ఉందండీ. దిండులా ఉంది. దీని మీద కాలు పెడితే ఎవరికైనా నిద్ర పట్టేస్తుంది. మళ్ళీ లేవక్కర్లేని నిద్ర."

టైలరు కిందపడ్డ బొమ్మని చూశాడు. "కోటు నలగలేదు కదా?" అన్నాడు.

వీధిలో అందరూ ఆమెని టీచరనే పిలుస్తారు. ఆమె నేర్పేది కారు నడపడం. పక్క సీటు ముందు ఇంకో బ్రేక్ పెడల్ ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడ్డప్పుడు టీచరు నొక్కేది అదే. చాలా ఏళ్ళు ఆమె ఒక పెద్ద డ్రైవింగ్ స్కూల్లో, పెద్దాయన అని అందరూ పిలిచే యజమాని కింద పనిచేసింది. తర్వాత ఈ పాత కారు కొని, పక్క పెడల్ పెట్టించి, ఇంటి ముందు సొంత బోర్డు తగిలించింది. బోర్డు ఒకటి, కారు ఒకటి, టీచరు ఒకరు. ఆ కారుకి ఇచ్చిన అనుమతి ఈ రోజుతో అయిపోతుంది. మధ్యాహ్నం తనిఖీలో బండి నెగ్గితే బోర్డు ఉంటుంది. నెగ్గకపోతే బోర్డు దింపి, మళ్ళీ పెద్దాయన గదిలో చేతులు కట్టుకుని నిలబడాలి.

ఇంత ముఖ్యమైన బండికి బ్రేకులు బాగుచేసిందెవరయ్యా అంటే, ఒక టైలరు, ఒక చేపల దుకాణం ఆసామి.

తప్పు పూర్తిగా వాళ్ళది కూడా కాదు. ముందు చక్రాల బ్రేకులు పట్టేస్తున్నాయని తెలిసిన రోజే రోజూ చూసే మెకానిక్ మనవణ్ణి చూడ్డానికి వేరే ఊరు వెళ్ళి ఫోను ఆపేశాడు. "ఇందులో ఏముంది? విప్పడం, మళ్ళీ కుట్టడం. అంతేగా," అని టైలరు ముందుకొచ్చాడు. రెండు రాత్రులు వీడియోలు చూసి సగం ఇంజనీరయ్యాడు. మిగతా సగం టీచరు అన్నయ్య. ఆయన అద్దాల తొట్లలో రంగు చేపలు పెట్టి అమ్ముతాడు. పనికొచ్చే సలహాలు తప్ప మిగతావన్నీ ఉచితంగా ఇస్తాడు. ఇద్దరూ కలిసి ముందు చక్రాల కాలిపర్లు విప్పారు. కాలిపర్ అంటే చక్రంతో తిరిగే ఇనప పళ్ళేన్ని రెండు వైపులా పట్టుకుని ఆపే ఇనప పిడికిలి. వాటిలో పాత రబ్బర్లు తీసి కొత్తవి వేశారు. ఎవరూ అడక్కపోయినా ఎర్ర రంగు కూడా పూశారు. తిరిగి బిగించారు. వైపర్లు కూడా విప్పి, కడిగి పెట్టానని టైలరు గొప్పగా చెప్పాడు. అదెవరూ చెవిన వేసుకోలేదు.

"గాలి ఉండిపోయింది," అంది టీచరు కారు దిగి. "గొట్టాల్లో బ్రేక్ ఆయిల్‌తో పాటు గాలి ఉంటే పెడల్ ఇలాగే మెత్తబడుతుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. అన్నయ్యని పిలవండి."

పిలవక్కర్లేదు. బొమ్మ పడ్డ చప్పుడుకి అన్నయ్య అప్పుడే వచ్చేశాడు. చేతిలో చేపల తొట్టి గొట్టం ఒకటి, ఖాళీ సీసా ఒకటి.

"మళ్ళీ గాలి తీద్దాం. బుడగల సంగతి నాకొదిలెయ్ చెల్లీ. నా బతుకే బుడగలు," అన్నాడు.

"అది తెలుస్తూనే ఉంది బావా," అన్నాడు టైలరు.

"నీ బతుకు దారాలు. నేనేమన్నా అన్నానా బావా?"

గాలి తీయడానికి పెడల్ నొక్కే మనిషి కావాలి. ఆ పని అత్తగారికి పడింది. ఆవిడ చెప్పులు బయట విప్పి, గుడిమెట్లెక్కినంత శ్రద్ధగా డ్రైవరు సీటెక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. కింద అన్నయ్య చక్రం పక్కన పడుకుని, కాలిపర్‌కుండే చిన్న మూతికి గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో ముంచాడు.

"నొక్కండి అత్తయ్యగారూ."

"నొక్కాను నాయనా."

మూతి వదులు చేశాడు. ఆయిల్ గొట్టంలోంచి సీసాలోకి దిగింది. మూతి బిగించాడు.

"వదలండి."

"వదిలాను."

ఇలా చాలాసేపు జరిగింది. అత్తగారికి ఊపు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే "నొక్కాను, వదిలాను" అనడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి "నొక్కాను" అనేసి ఎదురింటావిడతో మాటల్లో పడి వదలడం మర్చిపోయింది. ఎదురింటావిడ గుమ్మంలోనే కుర్చీ వేసుకుంది.

"ఒక్క బుడగ లేదు," అని అన్నయ్య లేచి తీర్పు చెప్పాడు. "అద్దంలాంటి ఆయిల్. ఇందులో చేపని కూడా పెంచుకోవచ్చు."

టీచరు కూర్చుని పెడల్ నొక్కింది. పెడల్ మర్యాదగా నేలదాకా వెళ్ళి పలకరించి వచ్చింది.

"ఆయిల్ మంచిది కాదేమో," అన్నాడు టైలరు.

"మాస్టర్ సిలిండర్ పోయింది," అన్నాడు అన్నయ్య. "నేను మొదటి రోజే అన్నాను."

"మొదటి రోజు నువ్వన్నది రేడియేటర్ అని," అంది టీచరు.

"ఏదో ఒకటి పోయిందన్నాను కదా."

టీచరు వాళ్ళిద్దర్నీ వదిలేసి పెడల్‌ని గబగబా కొట్టింది. కొట్టగా కొట్టగా పెడల్ గట్టిపడింది. అప్పుడు పాదం అలాగే నొక్కిపెట్టి కదలకుండా కూర్చుంది. పెడల్ దిగలేదు. "పెడల్ తొక్కితే ఆయిల్‌ని గొట్టాల్లోకి తోసేది ఆ సిలిండరే. అది లోపల కారుతుంటే ఇప్పుడు పెడల్ మెల్లగా దిగిపోవాలి. దిగలేదు. సిలిండర్ బాగానే ఉంది," అంది. కింద ఎక్కడా చెమ్మ లేదు. అంటే కారడం లేదు. గాలే ఎక్కడో దాక్కుంటోంది.

"మీ కత్తిరింపు బల్లని పట్టి ఉంచే బిగింపులు ఇలా ఇవ్వండి," అంది మొగుడితో.

"అవి బట్టల పనికి..."

"బట్టలు తర్వాత. ముందు మనుషులు."

బిగింపుల ఇనప దవడలకి గుడ్డముక్కలు చుట్టి, వాటితో వెనక్కి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని, ముందు రెండు గొట్టాల్ని ఆమె నొక్కిపట్టింది. మళ్ళీ పెడల్ నొక్కింది. ఈసారి రాయిలా ఉంది. వెనకది వదిలింది. రాయే. ముందు ఒక వైపు వదిలింది. మెత్తబడింది. దాన్ని మళ్ళీ బిగించి రెండో వైపు వదిలింది. అంతే మెత్తగా ఉంది.

టీచరు సీటుకి ఆనుకుని ఆలోచించింది. ఒక వైపు పాడైతే అది పొరపాటు. రెండు వైపులా ఒకేలా, అంతే కొలతగా పాడైతే దాని వెనక ఎవరిదో బుర్ర పనిచేసి ఉండాలి. ఈ ఇంట్లో బుర్ర పనిచేసినప్పుడల్లా ఆమెకి భయమే.

అప్పుడు ఫోను మోగింది. పెద్దాయన.

"ఏమ్మా, ఈ రోజే కదా తనిఖీ," గొంతులో తేనె కారుతోంది. "పాత బండి. మొండికేస్తే మనసు కష్టపెట్టుకోకు. నీ సీటు ఖాళీగానే ఉంచాను. పొద్దున్నే తుడిపించాను కూడా."

"మీ దయండీ," అంది టీచరు.

"జీతం మాత్రం కొత్తగా చేరినవాళ్ళ లెక్కే. రూలు రూలే కదమ్మా."

ఫోను పెట్టేసి ఆమె బోర్డు వైపు చూసింది. దాని మీద కారు బొమ్మ అన్నయ్య వేసిందే. కొంచెం చేపలా ఉంటుంది. అయినా అది ఆమె బోర్డు.

ఆ చూపు పట్టేశాడు అన్నయ్య. గొంతు తగ్గించాడు. "చెల్లీ, ఒక మాట చెప్తాను, కోప్పడకు. గబగబా కొడితే గట్టిపడుతోందిగా. ఆఫీసరు ఎక్కే ముందు నువ్వు నాలుగుసార్లు కొట్టి దిగు. ఆయన నొక్కేసరికి రాయిలా ఉంటుంది. సంతకం పడిపోతుంది. రేపు తీరిగ్గా బాగుచేసుకోవచ్చు."

టైలరు కూడా తలూపాడు. బావలిద్దరూ ఒక మాట మీదకి రావడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

టీచరు వెంటనే కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆమె పాదం అప్పటికే పెడల్ మీద మెల్లగా కొట్టి చూస్తోంది. నాలుగు దెబ్బలు. ఎవరికీ తెలియదు.

"ఆఫీసరు దిగాక ఎక్కేదెవరు?" అంది చివరికి. "సాయంత్రం క్లాసులో నర్సమ్మ ఎక్కుతుంది. నిన్నటిదాకా సైకిలు కూడా తొక్కని మనిషి. ఎదురుగా ఏదన్నా వస్తే ఒక్కసారి, గట్టిగా నొక్కు అని నేర్పాను. ఎదురొచ్చేవాణ్ణి కాస్త ఆగమని, నాలుగుసార్లు కొట్టమని ఇప్పుడు చెప్పనా? పక్కన నా పెడలూ అదే గొట్టానికి కదా ఉంది. ఇద్దరం కలిసి స్పాంజి తొక్కుతాం."

అన్నయ్య గొట్టం చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నా కాలు నాది కాకుండా పోయింది, దిగుతానమ్మాయ్," అంటూ అత్తగారు పక్క సీట్లోంచి దిగింది. కాసేపు అలుపు తీర్చుకుందామని అక్కడికి మారిన మనిషి. తిమ్మిరెక్కిన పాదాలు చెప్పుల్లో దూర్చి రెండడుగులు వేసి ఆగింది. కిందికి చూసి నవ్వింది. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమది కుడికి.

"చూడు, కొడుకు బుద్ధి తల్లికొచ్చింది. వీడు చిన్నప్పుడు ఇలాగే వేసుకుని స్కూలుకెళ్ళేవాడు. ఒరేయ్, తారుమారయ్యాయిరా అంటే, కాదమ్మా, ఒక నెల అటు, ఒక నెల ఇటు వేసుకుంటే రెండూ సమానంగా అరుగుతాయనేవాడు. నడుస్తుంటే బాతు నడిచినట్టుండేది."

ఎదురింటావిడ నవ్వింది. అన్నయ్య నవ్వాడు. టీచరు నవ్వలేదు. ఆమె మెల్లగా తల తిప్పి మొగుణ్ణి చూసింది.

దుకాణం అద్దం మీద ఆయన స్వయంగా రాయించుకున్న మాటలు ఆమె రోజూ చూసేవే: అరిగిన కాలర్లు తిప్పి కుట్టబడును. చొక్కా కాలర్ మడత దగ్గర చిరిగితే దాన్ని విప్పి, తిరగేసి కుడతాడాయన. చొక్కాకి ఇంకో జన్మ. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. చొక్కాలతో ఆగితే బాగుండేది.

"ఏమండీ," అంది చాలా మృదువుగా. ఆ మృదుత్వం విని అన్నయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "ఆ రెండు కాలిపర్లూ ఏ వైపువి ఆ వైపే పెట్టారా?"

టైలరు మెడలో టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. మాటలు వెతుక్కునేటప్పుడు ఆయన చేతికి అదే పని.

"అంటే... కుడివైపుది కాస్త ఎక్కువ అరిగినట్టు కనిపించింది. ఎడమది కొత్తదానిలా ఉంది. పాపం కుడిదొక్కటే ఎంతకాలమని..."

"పాపమే. అందుకని?"

"అటుది ఇటు, ఇటుది అటు వేశాను. ఇంక రెండూ సమానంగా అరుగుతాయి."

"నేనేం చేస్తున్నాను అప్పుడు?" అన్నాడు అన్నయ్య నోరు వెళ్ళబెట్టి.

"నువ్వు చేపలకి మేత వేసొస్తానని వెళ్ళావు బావా."

"ఎవరికైనా చెప్పారా?" అంది టీచరు.

"పని అయ్యాక చెప్పి అందర్నీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాను."

"పరిచారు. ముందు ఆ బొమ్మని." ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, నీ బతుకే బుడగలన్నావు. నీళ్ళలో బుడగ ఎటు పోతుంది?"

"పైకి. అదేం ప్రశ్న?"

"నువ్వు గొట్టం తగిలించిన మూతి కాలిపర్‌కి ఎక్కడుంది?"

అన్నయ్య మోకాళ్ళ మీద వంగి చక్రం వెనక్కి చూశాడు. ఇంకో వైపు వెళ్ళి అక్కడా చూశాడు. తిరిగొచ్చేటప్పుడు నడకలో దర్జా లేదు.

"అడుగున ఉంది," అన్నాడు.

"పైన ఉండాల్సింది. వైపులు మార్చేసరికి తలకిందులైంది. పైన గాలి హాయిగా కూర్చుంది, నువ్వు పొద్దుట్నుంచీ కింద ఆయిల్ తోడుతున్నావు. రోజంతా తోడినా ఒక్క బుడగ రాదు."

"ఇన్ని తొట్లు పెట్టుకుని..." అన్నాడు అన్నయ్య తనలో తను. ఇంక కిక్కురుమనలేదు. ఆ పూట అది ఆ వీధికి దొరికిన గొప్ప విశ్రాంతి.

"సరే. కుట్లు విప్పండి," అంది టీచరు.

జాకీలు లేచాయి, చక్రాలు దిగాయి. ఈసారి ఆమె చక్రం దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుంది, ఎవరు ఏ ముక్క ముట్టుకున్నా "ఎటుది?" అని అడిగి, జవాబు చెప్పాకే కదలనిచ్చింది. గొట్టం బిగించే చోట కొత్త రాగి వాషర్లు కావాల్సి వచ్చాయి. అన్నయ్య తల పట్టుకున్నాడు. టైలరు లోపలికి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చాడు. వాషర్లు కొన్నప్పుడే, చొక్కాకి అదనపు గుండీ ఇచ్చినట్టు, ఒక జత ఎక్కువ తీసుకున్నాడట. టీచరు ఆయన్ని మెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆమెకి అన్నిటికంటే కష్టమైన పని అదే.

అత్తగారు మళ్ళీ సీటెక్కింది. "నొక్కాను."

అన్నయ్య పైకొచ్చిన మూతిని వదులు చేశాడు. గొట్టంలో ముందు ఒక బుడగ, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత ఊరేగింపే. తిరునాళ్ళకి వెళ్తున్నట్టు వరస కట్టి సీసాలోకి దూకాయి. అన్నయ్య కళ్ళు చెమర్చాయి. రెండో వైపూ అంతే. అన్నీ అయ్యాక టీచరు కూర్చుని పెడల్ నొక్కింది. ఒక్కసారే. కొద్దిగా దిగి, ఇంక కుదరదన్నట్టు ఆగిపోయింది.

బొమ్మని లేపి మళ్ళీ అదే చోట నిలబెట్టమంది. కారు వెనక్కి తీసి, దాని మీదకే వచ్చి, ఒక్క తొక్కుకి జానెడు దూరంలో ఆపింది. పక్క పెడల్‌తో కూడా అలాగే ఆపించింది. బొమ్మ నవ్వింది.

తనిఖీ ఆవరణలో ఆఫీసరు పొదుపు మనిషి. మాటకి పన్ను కట్టాల్సి వస్తుందేమో అన్నట్టు మాట్లాడతాడు. సీటెక్కి, ఎవర్నీ అడక్కుండా పెడల్ నొక్కాడు. కొట్టలేదు, నొక్కాడు. "ఊఁ," అన్నాడు. ఆవరణ చివరిదాకా వేగంగా వెళ్ళి తెల్ల గీత దగ్గర తొక్కాడు. కారు అటూ ఇటూ లాగకుండా గీత మీద నిలబడింది. పక్క పెడల్ తొక్కాడు. మళ్ళీ "ఊఁ." చక్రాల సందులోంచి తొంగిచూసి, "ఎరుపెందుకు?" అన్నాడు.

"అందానికి సార్," అన్నాడు టైలరు.

లైట్లు వెలిగాయి. హారన్ మోగింది. ఆఫీసరు కలం తీస్తూ, యథాలాపంగా వైపర్లు ఆన్ చేశాడు.

డ్రైవరు వైపు ఉండాల్సింది పొడుగు వైపరు. పక్క వైపు ఉండాల్సింది పొట్టిది. రెండూ కదిలాయి, అద్దం మధ్యలో ఎదురుపడ్డాయి, పందెం పొట్టేళ్ళలా కొమ్ములు కలిపి ఆగిపోయాయి. లోపల మోటారు మూలిగింది.

టీచరుకి పక్కన టేపు చుట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. చూడక్కర్లేదు, అర్థమైపోయింది.

"ఒక్క నిమిషం సార్." ఆమె స్విచ్ ఆపించి, కొమ్ములు విడదీసి, తుడిచే రబ్బరు పట్టీలు రెండూ ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు నొక్కింది. టిక్, టిక్. ఆఫీసరు స్విచ్ వేశాడు. వైపర్లు బుద్ధిగా తుడిచాయి.

"ఎవరు పెట్టారు?" అన్నాడాయన.

"మా ఆయన."

"ఎందుకు?"

"సమానంగా అరగాలని సార్."

ఆఫీసరు టైలర్ని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో ఒక రకం సానుభూతి ఉంది. అది టైలరు మీద కాదు, టీచరు మీద. కాగితం మీద సంతకం చేస్తుండగా ఆయన తల వంగింది. చొక్కా కాలర్ మడత దగ్గర పీచులు లేచి ఉంది. టైలరు కళ్ళు మెరిశాయి.

"సార్, మీ కాలర్..."

టీచరు పాదం ఆయన పాదం మీద పడింది. గట్టిగా, ఒక్కసారే. టైలరు అక్కడికక్కడే ఆగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగింది. అత్తగారు, అన్నయ్య, ఎదురింటావిడ చెవులు రిక్కించారు. టీచరు ఫోను అందరికీ వినపడేలా పెట్టింది.

"ఏమ్మా, ఏమైంది?" పెద్దాయన గొంతులో తేనె ఇంకా గడ్డకట్టలేదు. "నీ సీటు..."

"ఆ సీటు గురించే అనుకుంటున్నానండీ. మా బండి నెగ్గింది, నేను రాలేను. కానీ మీ దగ్గర బళ్ళు చాలా ఉన్నాయి కదా," అంది టీచరు, బొమ్మ కోటు దులుపుతున్న మొగుణ్ణి ప్రేమగా చూస్తూ. "రేపట్నుంచి మా ఆయన్ని పంపిస్తాను. అన్నీ సమానంగా అరిగేలా చూస్తారు."